ముళ్ళ దారికి తగిన చక్రాలు

మా మావయ్య చేత యాభై దాటాక సైకిలు కొనిపించినవాడు విజయనగరంలోని ఎముకల డాక్టరు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఇక మెట్లెక్కడాలూ దూరాలు నడవడాలూ మానెయ్యండి, కావాలంటే సైకిలు తొక్కండి, దాంట్లో ఒంటి బరువు మోకాళ్ళ మీద పడదు అన్నాడు. మావయ్య ఆ మాటని సరుకు రకం వింటున్నంత శ్రద్ధగా విన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కుతూ, “గేర్ల సైకిలైతే కొండ కూడా ఎక్కీవచ్చంటావేటే?” అని నన్నడిగాడు. ఆయన మనసులో ఏ కొండ ఉందో నాకప్పటికి తెలియదు. మోకాళ్ళ నొప్పుల మనిషికి కొండెందుకని విసుక్కున్నాను కూడా.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. శృంగవరపుకోటలో సంతకి వెళ్ళే వీధిలో ఆయనకి కిరాణా కొట్టుంది. నేను ఆ ఊరి కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, వాళ్ళ మేడ మీద గదిలో ఉండేదాన్ని. ముప్ఫై దాటిన ఉద్యోగస్తురాలికి ఇంకా పెళ్ళెందుకు కాలేదో వీధిలో అందరికీ తలొక కారణం తెలుసు, నాకు తప్ప. మావయ్య ఒక్కడే ఆ ఊసెత్తేవాడు కాదు. అందుకే ఆయన ఏమడిగినా కాదనలేకపోయేదాన్ని. ఒక్కడే తొక్కుకుంటూ పోతే ఎక్కడ పడిపోతాడోనని అత్తయ్య బెంగపెట్టుకుంటే, నేనూ ఒక సైకిలు కొనుక్కున్నాను. ఇద్దరివీ కొండ దారుల్లో తిరగడానికి చేసిన లావు టైర్ల సైకిళ్ళే.

ఆ కొత్తలో శృంగవరపుకోట వీధుల్లో మాకు జరిగిన సన్మానం తక్కువేం కాదు. ఆ సైకిళ్ళకి వెనక క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు. పాల కేంద్రం దగ్గర నిలబడే పెద్దమనిషి ఒకాయన రోజూ మమ్మల్ని ఆపి, “షావుకారుగారూ, మిగతా సామాన్లు ఎప్పుడిస్తాడంటండీ?” అని అడిగేవాడు. మావయ్య నవ్వి ఊరుకునేవాడు. నాకు ఊరుకునే గుణం లేదు. మిగతా సామాన్లు మీ ఇంటికి పంపించాడట, రాలేదా అని ఒకరోజు అనేశాను. ఆ తరవాత ఆయన మా కొట్లో పంచదార కొనడం మానేశాడని అత్తయ్య నన్ను వారం రోజులు సాధించింది.

కొండ సంగతి నాకు తెలిసింది ఒక ఉదయం జీడితోటల పక్కన ఆగి మంచినీళ్ళు తాగుతున్నప్పుడు. ఎదురుగా కొండ మీదికి సన్నగా ఒక కాలిదారి కనిపిస్తోంది. అటే చూస్తూ మావయ్య చెప్పాడు. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, మాకు కొట్టు లేని రోజుల్లో కావిడి వర్తకం చేసేవాడట. ఉప్పు, బెల్లం, పొగాకు కావిడిలో పెట్టుకుని ఆ దారిన కొండమీద ఊరికి ఎక్కేవాడు. అక్కణ్ణుంచి చింతపండూ కొండచీపుర్లూ దింపుకొచ్చేవాడు. ఒకే ఒక్కసారి మావయ్యని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. అప్పటికి మావయ్య బాగా చిన్నవాడు. సగం దారిలో, కావిళ్ళవాళ్ళు బరువు దించుకుని అలుపు తీర్చుకునే పలకబండ ఒకటుండేది. అక్కడికి చేరేసరికి ఆయన ఇక రానని ఏడుపు లంకించుకున్నాడు. తాతయ్య ఆయన్ని అక్కడ ఆవులు మేపుకుంటున్న ఒక ముసలమ్మకి అప్పజెప్పి, చేతిలో ఇన్ని అటుకులు పోసి, తాను పైకెళ్ళిపోయాడు. సాయంత్రం దిగివస్తూ సీతాఫలాలు తెచ్చిపెట్టాడు. మళ్ళీ సీతాఫలాల కాలం రాకముందే పచ్చకామెర్లు వచ్చి పోయాడు.

“బండ కాడి నుంచి పైకి ఏటుందో నాకు ఇప్పటికీ తెలీదే,” అన్నాడు మావయ్య. “మా నాయన ఎక్కడ కూసునీవోడో, ఎవులింట్లో నీళ్ళు తాగీవోడో. పైకెల్తంటే కాసేపు వీపు కనబడింది, తరవాత సెట్లు అడ్డొచ్చీసినాయి. ఆ మిగిలిన దారి ఒక్కపాలి ఎక్కాల. అంతే.”

ఇన్నేళ్ళూ ఎందుకెక్కలేదని నేను అడగలేదు. మీసాలు రాకముందే తక్కెడ పట్టుకున్న మనిషి ఆయన. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, తమ్ముడి చదువు, తన పిల్లలు. ఒక పూట కొట్టు కట్టేస్తే ఆ పూట బేరం పక్క కొట్టుకి పోతుంది, అలా పోయిన బేరం అలవాటు పడి అక్కడే ఉండిపోతుంది. తీరిక చిక్కేసరికి మోకాళ్ళు పోయాయి. మోటారు సైకిలు మీద దింపుతాను రమ్మంటే ఒప్పుకోలేదు. ఇంజిను ఎక్కితే తాను ఎక్కినట్టు కాదన్నాడు. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ ఆయన ఆ ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడర్థమై, విసుక్కున్నందుకు నొచ్చుకున్నాను.

దసరా సెలవుల్లో బయల్దేరాం. జీడితోటలు దాటి దారి మొదలైందో లేదో, ఆయన వెనక చక్రం గాలి పోయి కూర్చుంది. ట్యూబు మార్చాను. ఒక మలుపు తిరగ్గానే ముందు చక్రం. దానికి అతుకేసి లేచేలోగా నా సైకిలు. ఆ దారి కింది భాగమంతా తుమ్మ, రేగుకంప, నేలమీద పరిచినట్టు పల్లేరు కాయలు. వెంట తెచ్చిన ట్యూబులూ అతుకులూ అయిపోయాయి. ఎండలో సైకిళ్ళు తోసుకుంటూ ఇంటికొచ్చాం. ఆ నడకకి మావయ్య మోకాళ్ళు వాచిపోయి, పండగ వెళ్ళేదాకా గల్లాపెట్టె దగ్గర కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. అత్తయ్య ఉప్పు కాపడం పెడుతూ తీర్పు చెప్పేసింది. “ఈ పాలి ఇలాగ తోసుకుంటూ వచ్చారంటే సూడండి, రెండు సైకిళ్ళూ పాతినప సామాన్లోడికి ఇచ్చీసి ఉల్లిపాయలు తీసుకుంటాను.”

అత్తయ్య అన్నంత పనీ చేస్తుంది. కాబట్టి దారిలో పంచరు పడకూడదు, పడితే మావయ్య నడవకూడదు. ఏం చెయ్యాలా అని ఫోన్లో వెతుకుతుంటే ట్యూబ్‌లెస్ చక్రాల సంగతి తెలిసింది. మోటారు బళ్ళకి అప్పటికే మా ఊళ్ళోకి వచ్చేశాయి గాని, సైకిళ్ళకి కూడా ఉంటాయని నేననుకోలేదు. లోపల ట్యూబుండదు. టైరు అంచు రిమ్ముని గట్టిగా కరుచుకుని తానే గాలి పట్టి ఉంచుతుంది. లోపల జిల్లేడుపాల లాంటి చిక్కటి ద్రవం పోస్తారు. ముల్లు దిగితే ఆ పాలు బెజ్జంలోకి వచ్చి గడ్డకట్టి దాన్ని మూసేస్తాయి, తొక్కేవాడు తొక్కుకుంటూ పోవడమే. ఇదంతా నేను చెబితే మావయ్య కళ్ళు మెరిశాయి. “అంటే ముళ్ళు గుచ్చుకుంటాయి గాని మనకి తెలీదన్నమాట,” అన్నాడు.

అయితే మా పాత చక్రాలు దానికి పనికిరావు. రిమ్ము లోపలి గాడి వేరుగా ఉండాలి, స్పోకుల బెజ్జాలన్నీ పట్టీ వేసి మూసెయ్యాలి, వాల్వు వేరు. కొత్త చక్రాల జత కొనాలి. ముందు మావయ్యకి, అవి బాగుంటే తరవాత నాకు అనుకున్నాం. ఇక్కణ్ణుంచి మా పాట్లు మొదలు. మావయ్య సైకిలు ఇరవై ఆరంగుళాలది. కొత్తగా వచ్చేవన్నీ ఇరవై ఏడున్నరవి. ఒకటి చూస్తే సైజు సరిపోయి బ్రేకు డిస్కు పట్టదు, ఇంకొకటి చూస్తే డిస్కు పట్టి వెనక పళ్ళచక్రం ఎక్కదు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక మేడ మీద ఇద్దరం కూర్చుని ఫోన్లో బొమ్మలు చూసేవాళ్ళం. నేను చదివేదాన్ని, ఆయన అడ్డు ప్రశ్నలు వేసేవాడు. వెడల్పు రిమ్మైతే టైరు బాగా కూర్చుంటుంది, బరువెక్కువ. సన్నదైతే తేలిక, రాళ్ళకి వంగుతుంది. నాకు సంబంధాలు చూసినప్పుడు కూడా మా వాళ్ళు ఇంత లోతుకి దిగలేదని నేనంటే, “అందుకే ఒకటీ కుదర్లేదే,” అన్నాడు. పెళ్ళి మాట మావయ్య ఎత్తింది ఆ ఒక్కసారే, అదీ నేను తెస్తే.

బొమ్మ చూసి కొనడానికి మాత్రం ఆయన ససేమిరా అన్నాడు. బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు నోట్లో వేసుకోనిదే లారీ దింపుకోని మనిషి. పట్టుకుని చూడని సరుకు ఇంట్లోకి రాకూడదు. సరేనని విశాఖ తీసుకెళ్ళాను. ఒక కొట్లో సైజు లేదు. మరో కొట్లో తెప్పిస్తామన్నారు గాని, కొంటామని ముందు మాటిస్తేనే తెప్పిస్తామన్నారు. చూడకుండా మాటేమిటని మావయ్య, మాట లేకుండా తెప్పించడమేమిటని వాళ్ళు. మర్యాదగా దణ్ణాలు పెట్టుకుని బయటపడ్డాం.

మాకు కావలసినవి కార్తీకమాసంలో దొరికాయి. శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళి మధ్యాహ్నం కావడంతో పొద్దున్నే టిఫిన్లు చేసి, మావయ్య తోడల్లుడి తమ్ముడి సైకిళ్ళ కొట్టు చూద్దామని నేనూ ఆయనా వెళ్ళాం. లోపలి గోడకి వేలాడుతోంది ఆ జత. నల్లటి రిమ్ములు, ఇరవై ఆరంగుళాలు, డిస్కు పట్టేవి, మా పళ్ళచక్రం ఎక్కేవి. ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ పోతే చివరిదాకా ఏ లోపమూ తేలలేదు. ఆ కొట్టాయన కిందికి దింపి ఇచ్చాడు. మావయ్య రిమ్ముని గోటితో మీటి చూశాడు. ఇరుసు పట్టుకుని చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, అది ఆగేదాకా కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన మొహం చూసి, ఇక అయిపోయింది, ఇవే అనుకున్నాను. కళ్ళు తెరిచి, చక్రాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి, “బాగున్నాయి తమ్ముడూ, సూసి సెప్తాం,” అన్నాడు.

ఆటోలో నేను మండిపడ్డాను. “ఇంకా చూసేదేముంది మావయ్యా?”

“సుట్టాల కొట్లో సరుకు కొనకూడదే,” అన్నాడాయన, నాకీ మాత్రం తెలియదా అన్నట్టు. “బేరమాడితే మర్యాద కాదు. ఆడకపోతే కడుపునొప్పి. రేపు చక్రం వంకరొస్తాది, ఎవుల్ని అడుగుతాం? అడిగితే సుట్టరికం పోతాది, అడక్కపోతే చక్రం పోతాది.”

నేను పడీపడీ నవ్వాను. వర్తకుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. మా అమ్మ తన సొంత చెల్లెలి బట్టల కొట్టు ముందునుంచి నడిచి వెళ్ళి పరాయి కొట్లో చీరలు కొనేది. పిన్ని కూడా తన ఇంటి సరుకులు మావయ్య దగ్గర కొనేది కాదు. ఇచ్చిపుచ్చుకోవడాలు పెళ్ళిళ్ళలో, కొనడాలు అమ్మడాలు బయటివాళ్ళతో. అలా ఉంటేనే మా చుట్టరికాలు నిలిచాయని మావాళ్ళ నమ్మకం. నేను చదువుకున్నదాన్నే, నా సంపాదన నాదే. ఆటో తిప్పించి, నా పేరు మీద నేను కొనుక్కుంటానని అనొచ్చు. అనాలన్న ఆలోచన కూడా రాలేదు. ఒకచోట దొరికినవి ఇంకొకచోట దొరక్కపోతాయా అనుకుని పెళ్ళిభోజనానికి వెళ్ళిపోయాం.

దొరకలేదు. మార్గశిరం వెళ్ళింది, పుష్యం వచ్చింది. చివరికి మావయ్యని ఎలాగో ఒప్పించి ఫోన్లో ఒక జత తెప్పించాను. అట్టపెట్టె విప్పితే వెనక చక్రానికి మా పళ్ళచక్రం ఎక్కదు. బొమ్మ కింద రాసిందొకటి, పెట్టెలో వచ్చిందొకటి. మావయ్య నన్నేమీ అనలేదు. పెట్టెని మళ్ళీ తానే పురికొసతో కట్టి, “పట్టుకుని సూడని సరుకు,” అని మాత్రం అన్నాడు.

ఆ చలికాలం నాకు బాగా గుర్తు. పొద్దున్నే తారురోడ్డు మీదే అటూ ఇటూ తిరిగొచ్చేవాళ్ళం. కొండ మీంచి మంచు విడిపోతుంటే ఆ కాలిదారి తడిగా మెరుస్తూ కనబడేది. అప్పుడది ఎక్కడానికి ఎంత బాగుండేదో. ఎండ లేదు, వాన లేదు, దారిలో తగిలే వాగులో నీళ్ళు మడమల్లోతు. మావయ్య జీడితోటల దగ్గర తప్పకుండా ఆగేవాడు. కాసేపు చూసి, “చక్రాలు రానీ,” అనేవాడు. నేనూ అదే అనేదాన్ని. ఆ మాటతో మా ఇద్దరికీ ఎంతో పని చేస్తున్నట్టుండేది. నిజం చెప్పాలంటే, ఎంచుకోవడంలో ఒక రుచి ఉంది. మేడమీద ఆ సాయంత్రాలు, ఆయన అడ్డు ప్రశ్నలు, అత్తయ్య పైకి పంపే వేడివేడి పెసర పునుకులు. ఆ రోజులు నాకు ఇష్టం. ఇష్టం కాబట్టే ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకు ఒళ్ళు మండిపోతుంది.

రోడ్డు సంగతి మేం విననిది కాదు. సంతరోజున కొండమీద ఊరి ఆడవాళ్ళు మా కొట్టుకే వచ్చి ఉప్పూ కొబ్బరినూనె కొనుక్కునేవారు. రోడ్డు పడతాదంట బాబూ అని వాళ్ళు చెబుతూనే ఉన్నారు. మావయ్య నవ్వేవాడు. ఆ రోడ్డు ఆయన పెళ్ళైన కొత్తలోనే పడాల్సింది. ఓట్లొచ్చినప్పుడల్లా పడుతూనే ఉంది. వాళ్ళు కూడా నమ్మి చెప్పేవారు కాదు, వాన పడేలా ఉంది అన్నట్టు చెప్పేవారు.

శివరాత్రి దాటాక మావయ్య ఇక పంతం మానేసి శ్రీకాకుళానికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ జత సంక్రాంతి ముందే ఎవరో పట్టుకుపోయారట. అది చెప్పి ఊరుకోకుండా ఆ కొట్టాయన, “అంతగా నచ్చాయి కదా అన్నయ్యా, మరి మా కొట్టులోనే ఎందుకొదిలీసినారు? మేం పరాయోళ్ళమేటి?” అన్నాడు. చుట్టరికం చెడకూడదని వదిలేసిన చక్రాలకి ఆ చుట్టం నొచ్చుకోనే నొచ్చుకున్నాడు. మావయ్య ఫోన్ పెట్టేశాడు. ఆ తరవాతే విశాఖ కొట్టువాళ్ళకి, చూడకుండానే, కొంటామని మాటిచ్చాడు.

ఉగాది వెళ్ళాక చక్రాలు వచ్చాయి. శ్రీకాకుళంలో చూసినటువంటివే. టైర్లు ఎక్కించి పాలు పోశాం గాని, చేతిపంపుతో ఎంత కొట్టినా టైరు అంచు రిమ్ముని పట్టలేదు. లారీల టైర్లు బాగుచేసే షెడ్డుకి తీసుకెళ్ళి, అంచు చుట్టూ సబ్బునీళ్ళు రాసి, అక్కడి కంప్రెసరుతో ఒక్కసారిగా గాలి పట్టించాం. ఠప్పు ఠప్పుమని రెండు చప్పుళ్ళయి టైరు కూర్చుంది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా సైకిలుకి ట్యూబు లేకపోవడమేంటని చుట్టూ మూగారు. మావయ్య వాళ్ళకి జిల్లేడుపాల కథ మొత్తం, నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య చక్రాలకి పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయలు తొక్కించింది.

మర్నాడు ఆదివారం. తెలవారుతుండగా జీడితోటలు దాటాం. దారి మొదట్లోనే ఆయన ముందు చక్రం బుస్సుమంది. దిగబోతుంటే వద్దన్నాను. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు మీద తెల్లటి చుక్క ఒకటి తేలి, బుస ఆగిపోయింది. మావయ్య చిన్నపిల్లాడిలా అరిచాడు. “మూసీసిందే! సూడు, మూసీసింది!” తరవాత ఇంకొకటి, ఇంకొకటి. ప్రతిసారీ తెల్లచుక్క, ప్రతిసారీ కేక. నా సైకిలుకి మాత్రం పాత ట్యూబులే. మూడు మార్లు ఆగి బాగుచేసుకున్నాను. ఆయన ఆగి నా కోసం ఎదురుచూస్తూ, చక్రం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తుమ్మలన్నీ దాటేశాం. ఇంకొక మిట్ట ఎక్కితే పలకబండ కనబడుతుందని చెప్పాడు.

మిట్ట ఎక్కితే ఎర్రమట్టి కనబడింది. కొండని అడ్డంగా కోసుకుంటూ లారీ పట్టేంత వెడల్పున కొత్త రోడ్డు. వేరే దిక్కునుంచి మొదలుపెట్టి తవ్వుకొచ్చారు, అందుకే కిందనుంచి మాకు కనబడలేదు. పొక్లెయిను ఒకటి ఆదివారం కాబట్టి చెయ్యి నేలకి ఆనించి నిలబడుంది. పలకబండ ఉండాల్సిన చోట పగలగొట్టిన రాయి గుట్టగా పోసి ఉంది. ఆ పైన, తాతయ్య వెళ్ళిన దారి మీద, తవ్విన మట్టీ కూల్చిన చెట్లూ దొర్లి పడున్నాయి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేదో గీత కూడా లేదు.

కొత్త రోడ్డు మీద ఒక ఆడమనిషి పసిపిల్లని చంకనేసుకుని దిగివస్తోంది. మా కొట్టుకొచ్చే మనిషే. మావయ్యని గుర్తుపట్టి మొహమంతా నవ్వు చేసుకుంది. “సూసినారా బాబూ, నిజంగానే పడిపోనాది! ఇంక మాకు డోలీలు అక్కర్నేదు. అంబులెన్సు మా ఊరికే వస్తాదంట.” అంతకు ముందేడు ఒక పురిటి మనిషిని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని సంతలో విన్నాం. మావయ్య, “మంచిదే అమ్మా, మంచి మాట,” అన్నాడు. ఆ మాట పైపైకి అనలేదు. నేను ఆ పిల్లని ముద్దు చేశాను. ఆవిడ వెళ్ళిపోయింది. మాకొచ్చిన కష్టం ఆవిడ ముందు పెట్టుకునేది కాదు. అయినా అది కష్టమే, ఇప్పటికీ కష్టమే.

రోడ్డు మీంచే పైకెళ్దాం పద మావయ్యా, ఊరు అక్కడే ఉంటుంది కదా అన్నాను. ఆయన కొంతదూరం తొక్కాడు. రోడ్డు చుట్టూ తిరిగి వేరే వైపుకి పోతోంది. ఆగిపోయాడు. “ఇది మా నాయన దారి కాదే,” అన్నాడు. ఒక్క నెల ముందొచ్చినా పైదారి ఉండేదని మట్టి చూస్తేనే తెలుస్తోంది, కూల్చిన చెట్ల ఆకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. ఆ సంగతి ఇద్దరం గమనించాం, ఇద్దరం అనలేదు. దిగేటప్పుడు టైర్లు మళ్ళీ బుస్సుమన్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఈసారి ఆయన చూడలేదు.

తరవాత ఆ రోడ్డుకి తారు పడింది. అంబులెన్సు వచ్చింది, బడి ఆటో వచ్చింది. మా కొట్టు సరుకు కూడా వారం వారం ఆటోలో ఆ ఊరికి వెళ్ళేది, తాతయ్య మోసినట్టే ఉప్పూ బెల్లమూ. ఆటోలో కూర్చుని ఒకసారి వెళ్ళి రావచ్చుగా అని అత్తయ్య అంటే, కొట్టెవరు చూస్తారనేవాడు. సైకిలు మాత్రం మానలేదు. ఆ చక్రాలకి ఒక్క పంచరు పడలేదు. అవి అంత మంచివి కాకపోయినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

రెండేళ్ళ తరవాత నాకు విజయనగరం బదిలీ అయింది. సామాను కట్టుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే, మావయ్య సైకిలు తిరగేసి పెట్టుకుని, టైర్లో దిగిన ముళ్ళు పిన్నీసుతో తీస్తున్నాడు. పక్కన పీట లాక్కుని కూర్చున్నాను. చాలాసేపు ఆ ముళ్ళూ ఈ ముళ్ళూ చూపించి, ఇది తుమ్మ, ఇది రేగు అని చెప్పాడు. ట్యూబులతోనే వెళ్ళిపోయుండాల్సింది మావయ్యా, ఇంకో నాలుగు ఎక్కువ పట్టుకుని అన్నాను. రెండేళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట. ఆయన తలెత్తలేదు.

“ఆ రోజు నేనేల ఏడిసినానో నీకు సెప్పనేదు కదా,” అన్నాడు. “నడవలేక కాదే. మాకు సెప్పులేవీ? నా అరికాల్లో ముల్లు దిగింది. మా నాయన ఆ బండ మీద నన్ను కూసోబెట్టి, ఇలాగే, పిన్నీసుతో తీసీసినాడు. నొప్పి పోయింది. రా, ఇంక ముళ్ళు నేవు, పైకంతా గడ్డే అన్నాడు. నేను రానన్నాను. మళ్ళీ గుచ్చుకుంటాదేమోనని. రెండు మార్లు పిలిసినాడే.”

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన చూడకుండా తల తిప్పుకుందామనుకున్నాను గాని, తిప్పుకోలేదు. లోపల్నుంచి అత్తయ్య కాఫీకి పిలిచింది. ఇద్దరం లేవలేదు.